పడవలో కాపురం: ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

అద్దె ఇంట్లో పైకప్పు కారితే ఓనర్‌కి ఫోన్ చేస్తాం. డ్రైనేజీ పొంగితే మునిసిపాలిటీని తిట్టుకుంటాం. పడవలో కాపురం పెట్టాక ఓనరూ మీరే, ప్లంబరూ మీరే, మునిసిపాలిటీ కూడా మీరే. తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు.

నేనూ మా ఆవిడా ఇంగ్లండ్‌లో గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద 57 అడుగుల నారోబోట్‌లో ఉంటున్నాం. ఇది మాకు నాలుగో చలికాలం. నారోబోట్ అంటే పేరుకు తగ్గట్టే సన్నటి ఉక్కు పడవ. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే, ఎందుకంటే ఇక్కడ చాలా కాలువల మీద పాత లాకుల వెడల్పు ఏడడుగులు. లాకులంటే కాలువ ఎత్తు మారే చోట నీళ్లు నింపి, వదిలి పడవను ఎక్కించే, దించే గేట్ల గదులని గోదావరి జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగే కాలువల మీద పడవల కోసం కట్టిన లాకులూ ఇవీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. మాకు సొంత రేవు లేదు. అలాంటి లైసెన్సు ఉన్నవాళ్లు ఒకే చోట 14 రోజులకు మించి ఆగకూడదు. కాబట్టి కనీసం రెండు వారాలకోసారి ఇల్లు కదులుతుంది.

ఇక్కడికి రావాలనుకుంటూ పడవలో ఉండటం ఎలా ఉంటుందని అడిగే మనవాళ్లు ఎక్కువయ్యారు. ఎలా ఉంటుందో చెప్పడం కష్టం, ఏం చేయాలో మాత్రం చెప్పగలను. మొదటి సంవత్సరం నాకు అర్థం కానిది ఒకటుంది. పడవను ఇబ్బంది పెట్టేది కింద ఉన్న కాలువ నీళ్ల కంటే లోపల పుట్టే నీళ్లే. మన ఊపిరి, అన్నం ఆవిరి, స్నానం, పైపు జాయింట్లు, డీజిల్ ట్యాంకులో చెమ్మ. నీళ్లు ఉండాల్సిన చోట ఉన్నాయా, ఉండకూడని చోటికి వచ్చాయా అని చూసుకోవడమే ఇక్కడి పనుల్లో ముప్పాతిక వంతు.

పొద్దున లేవగానే

టీ పెట్టుకునే ముందే కిటికీలు తుడవండి. చలికాలంలో ఇద్దరు మనుషులు ఒక రాత్రి పడుకుంటే లోపలి అద్దాల మీద నీళ్లు ధారలుగా దిగి ఉంటాయి. వాటిని వదిలేస్తే కింది చెక్క ఫ్రేములోకి ఇంకి, నెల తిరిగేసరికి నల్లటి బూజు పడుతుంది. పాత కాటన్ చీర ముక్క ఒకటి కిటికీల కోసమే పెట్టుకోండి. మైక్రోఫైబర్ గుడ్డలు కొని చూశాం, చీర ముక్కే నయం. పిండుకుని రెండోసారి తుడిచినా నూలు పోగులు వదలదు.

తర్వాత పరుపు ఒక పక్కకి ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. ఒంటి వేడి పైనుంచి, ఉక్కు చల్లదనం కిందనుంచి కలిసే చోటు అది. పరుపు నేరుగా చెక్క పలక మీద ఉంటే కింద తడి చేరుతుంది. గాలి ఆడే ప్లాస్టిక్ జాలీ ఒకటి అమ్ముతారు, అది కింద వేస్తే సగం సమస్య పోతుంది. మిగతా సగానికి పొద్దున పూట పరుపు నిలబెట్టి గంటసేపు వదిలేయండి.

ఇక మన వంట. ఇడ్లీ పాత్రా కుక్కరూ వదిలే ఆవిరి ఇంత చిన్న గదిలో ఎక్కడికీ పోదు, సీలింగ్‌కి పట్టుకుంటుంది. వంట చేసేటప్పుడు ఎంత చలి ఉన్నా పొయ్యి దగ్గరి కిటికీ బెత్తెడు తెరిచి పెట్టండి. పోపు వేసే ముందు పూర్తిగా తెరవండి. మేం ఆవాలు చిటపటలాడించిన మొదటి రోజు పొగ అలారం మోగి, పక్క పడవాయన ఫైర్ బ్లాంకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి పులిహోర పెట్టి పంపించాం. పైకప్పు మీద పుట్టగొడుగుల్లా కనిపించే గాలి గొట్టాలను మాత్రం చలి వేస్తోందని గుడ్డలు కుక్కి మూసేయకండి. అవి ఊపిరి కోసం పెట్టినవి.

సింకులో పోసినవన్నీ నేరుగా కాలువలోకే పోతాయి. కాబట్టి నూనె మూకుడు కడిగే ముందు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తలో వేయండి. కాలువ కోసమే కాదు, మీ పైపు కోసం కూడా. వేపుళ్ల నూనె చల్లటి పైపులో గడ్డ కట్టి ఒక్క శీతాకాలంలోనే దారి మూసేస్తుంది.

బొగ్గుల పొయ్యి

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇల్లు వెచ్చగా ఉండేది బొగ్గులూ కట్టెలూ వేసే ఇనుప పొయ్యి వల్లే. పొగ రాని బొగ్గు 25 కిలోల బస్తాల్లో దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో ఇంట్లో కాల్చడానికి మామూలు బొగ్గు అమ్మకం 2023 మేలో ఆపేశారు. కట్టెలైతే తేమ 20 శాతానికి మించనివే కొనండి. తడి కట్టె వేడి ఇవ్వదు, గొట్టం నిండా తారు ఇస్తుంది.

రోజూ పొద్దున జల్లెడ కమ్మీలను కదిపి బూడిద కింది ట్రేలోకి రాల్చండి. ట్రే నిండి బూడిద కమ్మీలకి తగిలేదాకా ఆగకండి. కింద గాలి ఆడక కమ్మీలు వేడికి వంగిపోతాయి. ట్రేను మూతున్న ఇనుప బకెట్‌లోకి వంచి, ఆ బకెట్‌ను వెంటనే బయట డెక్ మీద పెట్టండి. లోపల వద్దు. బూడిదలో మిగిలిన నిప్పు కణికలు గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతూ ఉంటాయి. మర్నాటికి పూర్తిగా చల్లారాకే చెత్తలో వేయండి.

పొయ్యి అద్దం మసిబారితే కొత్త లిక్విడ్ ఏదీ కొనక్కర్లేదు. తడిపిన న్యూస్ పేపర్‌ను కట్టెల బూడిదలో అద్ది రుద్దండి. మన అమ్మమ్మలు అంట్లు తోమిన పద్ధతే. బొగ్గు బూడిద మాత్రం వాడకండి, అందులో గరుకు రేణువులుంటాయి, అద్దం మీద గీతలు పడతాయి.

తలుపు చుట్టూ తాడులాంటి సీలు ఉంటుంది. అది అరిగిందో లేదో తెలుసుకోవడానికి పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే సీలు మార్చాలి. అన్ని వైపులా ఇలాగే చూడండి.

నెలకోసారి పొగగొట్టం తోమాలి. పైకప్పు మీద ఉన్న గొట్టం ముక్క తీసి, పొయ్యి తలుపు మూసి, పైనుంచి బ్రష్ దించి పైకీ కిందికీ లాగండి. మసి దిగడానికి కాసేపు ఆగి తలుపు తీయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మసి అంతా రాలి పడేది పొయ్యి లోపల పైభాగంలో అడ్డంగా ఉండే పలక మీద. దాన్ని బయటికి తీసి దులపకపోతే మీరు తోమిన మసితోనే దారి మూసుకుంటుంది. పొగ గదిలోకి తిరుగుతుంది, కంటికి కనిపించని గ్యాసూ దానితోపాటే.

కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ వారానికోసారి నొక్కి చూడండి. 2019 ఏప్రిల్ 1 నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ తనిఖీలో ఇలాంటి పడవలకు ఈ అలారం తప్పనిసరి చేశారు. ఆ తనిఖీ నాలుగేళ్లకోసారే. అలారం బ్యాటరీ అయిపోవడానికి నాలుగేళ్లు ఆగదు. తలనొప్పి, వికారం, మగత ఇద్దరికీ ఒకేసారి వచ్చాయంటే జ్వరం అనుకుని దుప్పటి కప్పుకోకండి. తలుపులు తెరిచి ముందు బయటికి నడవండి.

కదిలే రోజు

మాకు కదిలే రోజంటే పండగ ముందు రోజులాంటిది. నీళ్లు పట్టడం, టాయిలెట్ ఖాళీ చేయడం, చెత్త వేయడం, ఇంజిన్ చూడటం అన్నీ ఆ రోజే. ఒక వరుస పెట్టుకుంటే ఏదీ మిగలదు.

ముందు ఇంజిన్, అదీ చల్లగా ఉన్నప్పుడే. ఆయిల్ కడ్డీ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. కూలెంట్ మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీస్తే ముఖం కాలుతుంది. ఫ్యాన్ బెల్టును రెండు చక్రాల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కండి, అర అంగుళం లోపలికి వెళ్తే సరే. ఆల్టర్నేటర్ కింద నల్లటి పొడి రాలి ఉంటే బెల్టు అరుగుతోందని అర్థం. స్పేర్ బెల్టు, దానికి సరిపడే స్పానర్ రెండూ పడవలో ఉన్నాయా? బెల్టు ఒక్కటే ఉంటే ఉపయోగం లేదు, ఈ సంగతి నేను వానలో ఒడ్డున నిలబడి తెలుసుకున్నాను. ఆయిల్, ఫిల్టర్ మార్పు మాత్రం ఇంజిన్ మాన్యువల్‌లో రాసిన గంటల లెక్క ప్రకారం చేయండి. తేదీ పెట్టుకోకండి, గంటల మీటరు చూడండి. రోజూ చార్జింగ్ కోసం నడిపితే కదలని పడవ ఇంజిన్ కూడా అరుగుతుంది.

తర్వాత ప్రొపెల్లర్. కాలువలో సైకిల్ ట్యూబుల నుంచి చీరల్లాంటి పరదాల దాకా అన్నీ ఉంటాయి, అన్నీ వెళ్లి దానికే చుట్టుకుంటాయి. పడవ వేగం తగ్గి, వెనక నుంచి పొగ ఎక్కువై, చుక్కాని అదురుతుంటే ఏదో పట్టుకున్నట్టే. ప్రొపెల్లర్ సరిగ్గా పైన, ఇంజిన్ గది వెనక, వీడ్ హాచ్ అనే మూత ఉంటుంది. ఈ పని వరుస తప్పకూడదు కాబట్టి నంబర్లు వేస్తున్నాను.

1. ఇంజిన్ ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. ఇంకొకరు పొరపాటున స్టార్ట్ చేసే అవకాశమే ఉండకూడదు.
2. చేతికి దెబ్బలుంటే ప్లాస్టర్ వేసి, మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ తొడగండి. కాలువ నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. కోస్తా రైతులకి ఈ ఎలుక జ్వరం కొత్త కాదు.
3. బిగింపు విప్పి మూత తీసి, ముందు చేత్తో తడిమి ఏం చుట్టుకుందో తెలుసుకోండి. తర్వాతే కత్తి. ఇనుప తీగ అయితే కట్టర్ కావాలి.
4. చుట్టుకున్న వైపుకి ఎదురు తిప్పుతూ కోసి, ముక్కలన్నీ పైకి తీయండి. మళ్లీ కాలువలోకి వదిలితే రేపు మీకే చుట్టుకుంటాయి.
5. రబ్బరు సీలు తుడిచి చూసి, మూత పెట్టి, గట్టిగా బిగించండి. ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేసి, టార్చ్ వెలుగులో మూత అంచుల చుట్టూ చూడండి. చుక్క కూడా రాకూడదు.

ఐదోది తొందరలో వదిలేసేవాళ్లుంటారు. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లర్ చిమ్మే నీళ్లు ఇంజిన్ గదిలోకి ఎగదన్నుతాయి. తేలుతున్న పడవలు మునిగింది ఈ మూత వల్లే అన్న కథలు కాలువ మీద చాలా వింటారు, అవి కథలు కావు.

సాయంత్రం పడవ కట్టాక ఇంకో చిన్న పని. ప్రొపెల్లర్ షాఫ్టు పడవ నుంచి బయటికి వెళ్లే చోట, నీళ్లు లోపలికి రాకుండా ఆపే బిగింపు, స్టెర్న్ గ్లాండ్ ఉంటుంది. దానికి పక్కనే ఇత్తడి గ్రీజు గొట్టం, పైన తిప్పే పిడి. పిడిని బిగువు తగిలేదాకా తిప్పండి, ఒక చుట్టు సరిపోవచ్చు, రెండు పట్టొచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడూ ఒక చుక్క పడితే తప్పులేదు. గ్రీజు పెట్టి ఆపాక కూడా చుక్కలు పడుతుంటే గ్లాండ్ నట్లు రెండూ సమానంగా, ఒక్కోసారి కొంచెమే బిగించండి. ఎక్కువ బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరుగుతుంది. కాసేపు నడిపి, ఇంజిన్ ఆపి గ్లాండ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంతగా ఉంటే వదులు చేయాలి.

మంచినీళ్లు, టాయిలెట్

ఈ రెండూ కలిపి రాయడం బాగోలేదు గానీ కాలువ పక్కన రెండు కుళాయిలూ చాలాసార్లు పక్కపక్కనే ఉంటాయి, జాగ్రత్త చెప్పాల్సిందీ అందుకే. టాయిలెట్ డబ్బా కడిగే చోట ఉన్న కుళాయిని గానీ గొట్టాన్ని గానీ తాగునీళ్లకి వాడకండి. మీ గొట్టం మీరే తెచ్చుకోండి. ముందు కుళాయిని ఒక నిమిషం వదిలేయండి. తర్వాత గొట్టం పెట్టి దాని గుండానూ కాసేపు నీళ్లు పోనిచ్చి, అప్పుడు ట్యాంకులో పెట్టండి. గొట్టం కొస నేలకి తగలనివ్వకండి. మా ట్యాంకు 500 లీటర్లు, పడవ ముక్కు కింద ఉంటుంది. నిండేకొద్దీ అర టన్ను బరువుకి ముక్కు కిందికి దిగుతుంది. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ముక్కు లేస్తుంది, స్నానాల గదిలో నీళ్లు ఇంకో మూలకి పోతాయి. మీటరు లేకపోయినా మాకు అలాగే తెలుస్తుంది. ఏడాదికోసారి ట్యాంకు శుభ్రం చేసే క్లోరిన్ ద్రావణం పోసి, ప్రతి కుళాయిలోనూ వాసన వచ్చేదాకా తిప్పి, పాకెట్ మీద రాసినంతసేపు ఉంచి, పూర్తిగా ఖాళీ చేసి నింపండి.

క్యాసెట్ టాయిలెట్ ఉంటే దాని డబ్బా దాదాపు 20 లీటర్లు పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు. రెండో డబ్బా కొని పెట్టుకోండి, పెళ్లి రోజున మా ఆవిడకి నేనిచ్చిన బహుమతుల్లో అదే ఎక్కువ మెప్పు పొందింది. ఖాళీ చేసే చోటుని ఎల్సాన్ పాయింట్ అంటారు. డబ్బా వంచేటప్పుడు గాలి బటన్ నొక్కి పట్టుకోండి, లేకపోతే గుటగుటమని కాళ్ల మీద చిందుతుంది. రెండుసార్లు నీళ్లతో కడిగి పారబోసి, తర్వాత కొంచెం నీళ్లూ మందూ పోయండి. రబ్బరు సీలుకి సిలికాన్ లూబ్రికెంట్ మాత్రమే రాయండి. వాజలైన్, కొబ్బరినూనె, బ్లీచ్ మూడూ ఆ రబ్బరుకి చెడుపే. సీలు పాడైతే ఏమవుతుందో నేను వర్ణించను.

వారానికోసారి నేల కింద చూడండి

క్యాబిన్ వెనక భాగంలో నేల చెక్కకి ఒక చిన్న మూత ఉంటుంది. దాని కింద అసలు అడుగు ఉక్కు, బరువు కోసం పేర్చిన రాళ్లు. పడవ సాధారణంగా వెనక్కి కొంచెం వాలి ఉంటుంది కాబట్టి లోపల ఎక్కడ నీళ్లు చేరినా చివరికి ఇక్కడికే వస్తాయి. మూత తీసి వంటింటి టిష్యూ ఒకటి ఉక్కు మీద వేసి, పది నిమిషాల తర్వాత తీసి చూడండి. పొడిగా ఉంటే మూత పెట్టేయండి. తడిసిందంటే వాసన చూడండి. సబ్బు వాసన వస్తే స్నానాల గది, ఏ వాసనా లేకపోతే మంచినీళ్ల పైపో కిటికీ కారుడో, డీజిల్ వాసనైతే ఇంజిన్ వైపు నుంచి.

మా మొదటి చలికాలంలో అర్ధరాత్రి నీళ్ల పంపు ఒక్క క్షణం 'డుర్' మని ఆగిపోయేది. కుళాయి ఎవరూ తిప్పలేదు. పావుగంటకి మళ్లీ. పంపు పాతదైపోయిందేమోలే అని మూడు వారాలు పట్టించుకోలేదు. ఒక ఆదివారం ఈ మూత తీస్తే అందులో నా ముఖం కనిపించింది. వేడినీళ్ల ట్యాంకు వెనక ఒక జాయింటు చుక్క చుక్కగా కారుతోంది. పైపులో ఒత్తిడి తగ్గినప్పుడల్లా పంపు దానంతట అదే తిరిగి నింపుతోంది. స్పాంజీ, స్టీలు గ్లాసు, బకెట్‌తో రోజంతా తోడాం. చెక్క ఆరడానికి మార్చి దాకా పట్టింది. కుళాయిలన్నీ మూసి ఉండగా పంపు మోగిందా, ఎక్కడో కారుతున్నట్టే. అదే రాత్రి లేచి పంపు స్విచ్ ఆపేయండి, వెతకడం పొద్దున చేయొచ్చు.

ఇంజిన్ కింద చేరిన నీళ్లను నేరుగా పంపుతో కాలువలోకి కొట్టకండి. ఆయిల్ కలిసిన నీళ్లు కాలువలోకి వదలడం నేరం. నూనె పీల్చే గుడ్డలు వేసి ముందు ఆయిల్ తీయాలి. పసిపిల్లల డైపర్ కూడా ఈ పనికి పనికొస్తుంది.

స్నానాల గది కింద ఒక పెట్టె ఉంటుంది. స్నానం నీళ్లు అందులో చేరితే తేలే స్విచ్ ఒకటి లేచి పంపును నడిపిస్తుంది. కొబ్బరినూనె రాసుకునే తలలున్న ఇంట్లో ఈ పెట్టె వారానికోసారి తెరవాల్సిందే. వెంట్రుకలు, నూనె, సబ్బు కలిసి బూడిద రంగు ముద్దలా ఫిల్టర్‌కి పట్టుకుని ఉంటాయి. స్విచ్ కదలకుండా ఇరుక్కుంటే నీళ్లు పొంగి నేల కిందికి పోతాయి. ముద్ద తీసి చెత్తలో వేసి, వంటసోడా చల్లి వేడినీళ్లతో కడగండి. వేలితో స్విచ్‌ను లేపి పంపు తిరుగుతోందో లేదో చూడండి.

కరెంటు

లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం. సగం కిందికి తరచూ దించితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. వారంలో ఒకసారైనా పూర్తిగా నింపండి. ఎప్పుడూ ముప్పాతిక దగ్గర ఆపేస్తే లోపల పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మూతలున్న రకమైతే నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి పోయండి, కుళాయి నీళ్లు వద్దు. డిసెంబరులో సోలార్ మీద ఆశ పెట్టుకోకండి. ఇంజిన్ నడిపి నింపుకోవాల్సిందే, అదీ పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపే. మిగతా నెలల్లో ప్యానెళ్లను తడి గుడ్డతో తుడవండి. లైమ్ చెట్ల (నిమ్మ కాదు, లిండెన్ అనే పెద్ద చెట్టు) కింద పడవ కడితే వాటి జిగురు రెండు రోజుల్లో పొరలా పేరుకుంటుంది.

ఊరగాయ సీసా పరీక్ష

డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ గోడలకి పట్టి, నీళ్లై అడుగుకి దిగుతుంది. నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. అది ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఇంజిన్ ఏ లాకు మధ్యలోనో ఆగుతుంది. కాబట్టి చలికాలం ముందు ట్యాంకు నిండా నింపండి. నెలకోసారి, నీళ్లను వేరు చేసే ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి ఒక ఖాళీ ఊరగాయ సీసాలోకి కొంచెం పట్టండి. సీసాని వెలుగుకి ఎదురుగా పెట్టి పది నిమిషాలు కదలనివ్వకండి. ఇక్కడ పడవల డీజిల్‌కి ఎర్ర రంగు వేస్తారు, అందువల్ల తేడా బాగా తెలుస్తుంది. పైన పలుచటి దానిమ్మ రసంలాంటి ఎరుపు, అడుగున రంగులేని నీళ్ల బుడగలు. మొత్తం ఎర్రగా ఉంటే స్క్రూ బిగించేయండి. నీళ్లు కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదులుతూనే ఉండండి. మధ్యలో నల్లటి పోగులు తేలుతుంటే ట్యాంకు శుభ్రం చేయించాల్సిన టైమ్ వచ్చింది.

గ్యాస్ విషయం త్వరగా చెప్తాను. వంటకి 13 కిలోల ప్రొపేన్ సిలిండర్, మన ఇళ్లలో ఎర్ర సిలిండర్ కంటే కాస్త తక్కువ. అది పడవ ముందు అరలో ఉంటుంది. ఆ అర అడుగున బయటికి చిన్న రంధ్రాలుంటాయి. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే వాటి గుండా బయటికి పోవాలి. శరదృతువులో రాలిన ఆకులు వాటిని మూసేస్తాయి. నెలకోసారి కడ్డీ పెట్టి గుచ్చి చూడండి.

బయటి రంగు

ఉక్కు మీద చిన్న గీత పడినా తుప్పు మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు కారు షాంపూతో కడిగి మైనం పట్టించండి. తుప్పు మచ్చ కనిపించిన చోట రంగు పైనుంచి పూసేసి కప్పిపెట్టకండి. మెరిసే ఉక్కు కనిపించేదాకా గీకి, తుప్పును ఆపే ద్రావణం రాసి, ప్రైమర్ రెండు పూతలు, ఆపైన రంగు వేయండి. రంగు వేసే రోజు మధ్యాహ్నం రెండింటికల్లా బ్రష్ దించేయండి. సాయంత్రం మంచు పడితే మెరుపు చచ్చి పాలిపోయినట్టు ఆరుతుంది. ఇత్తడి గాలి గొట్టాలకి ఇక్కడివాళ్లు డబ్బా పాలిష్ వాడతారు. నేను చింతపండు పులుసుతో తోమి, పుల్లదనం మిగలకుండా కడిగి తుడుస్తాను. కట్ట మీద నడిచేవాళ్లు ఆగి ఏం రాస్తున్నారని అడుగుతారు.

గడ్డకట్టే రాత్రి

సున్నాకి దిగుతుందని తెలిసి ఊరెళ్తుంటే పంపు ఆపి, కుళాయిలన్నీ తెరిచి, వేడినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, షవర్ గొట్టం కిందికి దించి వెళ్లండి. షవర్ మిక్సర్‌లో మిగిలిన గుక్కెడు నీళ్లు చాలు దాన్ని పగలగొట్టడానికి. ఇంజిన్ కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ సరిపడా ఉందో ముందే చూసుకోండి. కాలువ మీద మంచు పలక కట్టాక సరదాగా పగలగొట్టుకుంటూ పడవ నడపకండి. ఆ పలకల అంచు గాజులా నీటి మట్టం దగ్గర నల్ల పూతను గీకేస్తుంది, మీ పడవదే కాదు, వరుసగా కట్టిన అందరి పడవలదీ.

డ్రై డాక్

రెండు మూడేళ్లకోసారి పడవని నీళ్లలోంచి తీసి అడుగుకి నల్లటి బిట్యుమెన్ పూత వేయాలి. దీన్నే ఇక్కడ బ్లాకింగ్ అంటారు. మన పడవలకి తారు పూసినట్టే. డాక్‌లు నెలల ముందే నిండిపోతాయి, వేసవి కోసం చలికాలంలోనే అడగండి.

పడవ లోపలికి వెళ్లాక నీళ్లు వదిలేస్తారు, పడవ దూలాల మీద కూర్చుంటుంది. మొదటి పని తడి ఆరకముందే ప్రెషర్ వాషర్‌తో పాచి, నత్తలు కొట్టేయడం. ఆరితే అవి సిమెంటులా పట్టుకుంటాయి. తర్వాత గీకుడు. నీటి మట్టం గీత దగ్గర ఎక్కువసేపు గీకండి, గుంటలు పడేది అక్కడే. అడుగు పలక సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్కలు 6. ఎంత మిగిలిందో సర్వేయర్ అల్ట్రాసౌండ్‌తో కొలుస్తాడు. పక్కల్లో వెల్డ్ చేసిన మెగ్నీషియం దిమ్మలు చూడండి. వాటిని యానోడ్‌లు అంటారు, ఉక్కు బదులు అవి తినబడటానికే ఉన్నాయి. సగానికి అరిగితే మార్చండి. వాటి మీద మాత్రం నల్ల పూత పడనివ్వకండి, పూత వేస్తే అవి పనిచేయవు. పూత మూడుసార్లు వేయండి, ఒక్కో పూతకీ మధ్య ఆరనిచ్చి.

ఆ వారమంతా లోపలే పడుకోవచ్చు, నిచ్చెనెక్కి ఇంటికి వెళ్లడం ఒక వింత. సింకూ షవరూ మాత్రం వాడకూడదు, ఆ నీళ్లు పక్కనుంచి కారి పచ్చి పూత మీదే పడతాయి. అన్నం ఒడ్డున ఎవరి వంటింట్లోనో వండుకోవాల్సి వస్తుంది.

పూత ఆరాక డాక్‌లోకి నీళ్లు వదులుతారు. పడవ దూలాల మీదినుంచి లేచే సమయానికి ఒకరు లోపల ఉండండి. వీడ్ హాచ్ అంచులు, స్టెర్న్ గ్లాండ్, నేల మూత కింది ఉక్కు, ఈ వరుసలో టార్చ్ వేసి చూడండి. పది నిమిషాలాగి టిష్యూ వేసి మళ్లీ చూడండి. పొడిగా ఉందని మీరు పైకి కేకేశాకే గేటు తీయమనండి.